పేవర్లు కొంటున్నవాళ్లకు హెచ్చరిక: కేటలాగ్ ఫోటో చూసి ప్యాటర్న్ ఖరారు చేయకండి

ఇంటి ముందు, పెరట్లో, కారు పెట్టుకునే చోట పేవర్లు, అంటే నేల మీద పరిచే కాంక్రీటు దిమ్మెలు, వేయించుకోబోతున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి. "ఏ డిజైన్ నచ్చితే అది వేస్తాం, అన్నిటికీ ఒకటే రేటు" అన్న మాట వినగానే జాగ్రత్తపడండి. ప్యాటర్న్ మారితే కటింగ్ మారుతుంది, వృథా మారుతుంది, కూలీల పని మారుతుంది. అయినా రేటు మారలేదంటే ఏదో ఒక పని ఎగ్గొట్టబోతున్నారనే అనుకోవాలి. ఎక్కువగా ఎగ్గొట్టేది అంచుల్లో కటింగ్. ఆ ఖాళీల్లో సిమెంట్ మాల్ నింపేసి వెళ్లిపోతారు. కింద ఇసుక పరుపు మీద ఉన్న పేవర్లు బరువు పడినప్పుడల్లా కొద్దిగా కదులుతాయి, గట్టిపడిన మాల్ కదలదు. అందుకే అది పగిలి పెళ్లలుగా ఊడిపోతుంది. ఆ తర్వాత పక్కనున్న పేవర్లు వదులవుతాయి.

అందరికీ నచ్చేది, అందరూ దెబ్బతినేది స్టాక్ బాండ్. నిలువు గీతలు, అడ్డం గీతలు రెండూ సూటిగా వచ్చే గళ్ల ప్యాటర్న్ అది. ఫోటోలో చాలా శుభ్రంగా కనిపిస్తుంది. నడిచే చోట, కుర్చీలు వేసుకునే చోట వేసుకోండి, ఇబ్బంది లేదు. కారు ఎక్కే చోట మాత్రం వద్దు. ఒక పేవర్ ఇంకో రెండింటి మధ్య ఇరుక్కుని ఉంటేనే తోపును తట్టుకుంటుంది. స్టాక్ బాండ్‌లో ఏ పేవర్‌నూ పక్క వరస పట్టి ఉంచదు. చక్రం తోస్తే వరస మొత్తం జరుగుతుంది. బ్రేక్ వేసే చోట, ముఖ్యంగా కారు ఆగి ఉండగా స్టీరింగ్ తిప్పే చోట, జాయింట్లు, అంటే పేవర్ల మధ్య సందులు, తెరుచుకుంటాయి. వాటిలోని ఇసుక పోతుంది, నీళ్లు దిగుతాయి, చక్రాలు నడిచే దారి గాడిలా కుంగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ ప్యాటర్న్‌లో చిన్న వంకర కూడా దూరం నుంచే కంటపడుతుంది. గోడల మూలలు సరిగ్గా 90 డిగ్రీలు ఉండటం అరుదు. మూల నుంచి ఒకవైపు 3 మీటర్లు, ఇంకోవైపు 4 మీటర్లు కొలిచి గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య 5 మీటర్లు రాకపోతే మూలమట్టం తప్పినట్టే. అప్పుడు గోడను పట్టుకుని వరస మొదలుపెట్టనివ్వకండి. ఎక్కువగా కనిపించే పొడవాటి వైపు దారం కట్టించి, అక్కడి నుంచి మొదలుపెట్టించండి.

రన్నింగ్ బాండ్ అంటే ఇటుక గోడలో లాగా సగం సగం జరిపి పేర్చడం. కటింగ్ తక్కువ, పని తొందరగా అవుతుంది. ఇందులో ఒక దిశలో జాయింట్లు తెగకుండా సాగుతాయి. ఆ గీత కారు నడిచే దారికి అడ్డంగా ఉండాలి, దారి వెంబడి ఉండకూడదు. ఈ ఒక్క సంగతి మేస్త్రికి ముందే నేల మీద గీసి చూపించండి. సన్నటి నడవలకూ ఇదే దిశ మంచిది, అడ్డగీతల వల్ల వెడల్పు ఎక్కువున్నట్టు కనిపిస్తుంది.

కారుకు నిజంగా పనికొచ్చేది హెరింగ్‌బోన్. పేవర్లు ఒకదానికొకటి లంబంగా ఇరుక్కుంటాయి కాబట్టి తోపు ఎటు నుంచి వచ్చినా చుట్టూ పంచుకుంటాయి. 45 డిగ్రీల్లో వేసినా, 90 డిగ్రీల్లో వేసినా పట్టు బాగానే ఉంటుంది. 45లో మాత్రం అన్ని అంచుల్లోనూ ఏటవాలు కటింగ్ వస్తుంది. చిన్న స్థలానికి 90 చాలు. ఇక్కడ కొనేవాళ్లను ముంచేది కొలత. హెరింగ్‌బోన్ కుదరాలంటే పొడవు వెడల్పుకు రెట్టింపు ఉండాలి, ఉదాహరణకు 200 × 100 మిల్లీమీటర్లు. కొనేముందు రెండు పేవర్లను పక్కపక్కన, మధ్యలో జాయింటు సందు వదిలి పెట్టండి. మూడోదాన్ని వాటి పక్కన పొడవుగా ఆనించండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా జాయింట్లలో సర్దుకుంటుంది. 10 మిల్లీమీటర్లు వస్తే ఆ పేవర్‌తో హెరింగ్‌బోన్ వేయలేరు, జతలు జతలుగా ఒకటి అడ్డం, ఒకటి నిలువుగా బుట్ట అల్లికలా పేర్చే బాస్కెట్ వీవ్ కూడా అంతే. లోడు దిగాక ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు.

జిగ్‌జాగ్, ఐ షేప్ పేవర్లు తీసుకునేవాళ్లు అంచు పీసులు, సగం పీసులు ఆర్డర్‌లో విడిగా రాయించుకోవాలి. అవి లేకుండా వేస్తే ప్రతి అంచూ పళ్లు పళ్లుగా మిగిలిపోతుంది, మళ్లీ మాల్ నింపుడే. రెండు మూడు సైజులు కలిపి వేసే ర్యాండమ్ ప్యాటర్న్‌లో అయితే సైజుల పాళ్లు తప్పకూడదు. ఏ సైజు ఎన్ని కావాలో లెక్క రాసివ్వమని అడగండి. లేకపోతే చివరికి ఒకే సైజు కుప్ప మిగిలి, కావాల్సింది ఉండదు. వృత్తాకారానికి ఒక వైపు సన్నబడే పేవర్లతో వచ్చే సెట్ కావాలి. మామూలు పేవర్లను గుండ్రంగా పేరిస్తే బయటివైపు జాయింట్లు విచ్చుకుంటాయి. జాయింటు 2 నుంచి 5 మిల్లీమీటర్లు ఉండాలి, అంతకు మించితే ఇసుక నిలవదు.

పెద్ద పెద్ద పలకలు చూసి మోజుపడేవాళ్లకు ఒక లెక్క. వాహనం ఎక్కే చోట పేవర్ పొడవు దాని మందానికి మూడు రెట్లు దాటకూడదు. 200 పొడవుకు 80 మందం అయితే రెండున్నర రెట్లు, బాగుంది. 600 పొడవు, 60 మందం ఉన్న పలక పది రెట్లు. చక్రం అంచు మీద పడితే మధ్యలో చిట్లుతుంది. అది కాలినడకకే. బరువు వాహనాలు వచ్చే చోట 80 మిల్లీమీటర్ల మందం అడగండి, 60తో సరిపెట్టనివ్వకండి.

లెక్కల్లోనూ మోసపోతారు. 200 × 100 పేవర్లు చదరపు మీటరుకు 50 పడతాయి. 40 చదరపు మీటర్లకు 2000. వృథా కింద రన్నింగ్ బాండ్‌కు 5 శాతం కలిపితే 2100, 90 డిగ్రీల హెరింగ్‌బోన్‌కు 10 శాతం కలిపితే 2200, 45కైనా వృత్తానికైనా 15 శాతం వరకు, అంటే 2300. కొటేషన్‌లో 2000 మాత్రమే ఉంటే మధ్యలో తక్కువపడతాయి. తర్వాత తెచ్చేవి వేరే బ్యాచ్, రంగు కలవదు. ఒకేసారి తెప్పించండి, మరమ్మతుల కోసం కొన్ని దాచుకోండి. పరిచేటప్పుడు కనీసం మూడు ప్యాలెట్ల (పేవర్లు పేర్చి వచ్చే చెక్క పలకల) నుంచి కలిపి తీయమనండి. ఒకటి అయ్యాక ఇంకోటి విప్పితే రంగు మచ్చలు మచ్చలుగా తేలుతుంది.

అంచున పేవర్‌లో మూడో వంతు కన్నా చిన్న ముక్క పెట్టనివ్వకండి, అది ముందు ఊడేది. చిన్న ముక్క వచ్చేలా ఉంటే దాని పక్కనున్న నిండు పేవర్‌నూ కోసి రెండు మధ్యరకం ముక్కలు చేయాలి. కటింగ్ మిషన్‌తో కోయాలి, సుత్తితో పగలగొట్టకూడదు. చుట్టూ ఒక వరస నిండు పేవర్ల బోర్డర్, దాని బయట కాంక్రీటు కట్ట ఉండాలి. ఆ కట్ట లేకపోతే హెరింగ్‌బోన్ కూడా విచ్చుకుంటుంది.

కింద పని గురించి క్లుప్తంగా. నడకకు 100 నుంచి 150, కారుకు కనీసం 150 నుంచి 200 మిల్లీమీటర్ల కంకర బేస్ కావాలి. బంకమట్టి అయితే ఇంకా ఎక్కువ. ఒకేసారి పోయకుండా 100 మిల్లీమీటర్ల పొరలుగా పోసి ప్లేట్ కాంపాక్టర్‌తో దిమ్మిస కొట్టించండి. దాని మీద 25 నుంచి 30 మిల్లీమీటర్ల గరుకు ఇసుక, అంతటా ఒకే మందంలో. బేస్‌లోని గుంటలను ఈ ఇసుకతో పూడ్చితే తర్వాత అక్కడే కుంగుతుంది. ఇసుకకు బదులు మెత్తటి క్రషర్ డస్ట్ వద్దు, అది నీటిని పట్టి ఉంచుతుంది. ఇంటి నుంచి బయటికి మీటరుకు 15 నుంచి 20 మిల్లీమీటర్ల వాలు ఉండాలి. పేవర్లు పరిచాక వాటి మీద ప్లేట్ కాంపాక్టర్ తిప్పి, జాయింట్లలో పొడి ఇసుక ఊడ్చి, మళ్లీ తిప్పి, మళ్లీ నింపాలి. ఒక్కసారి ఊడ్చి వెళ్లిపోతే జాయింట్లు పైపైనే నిండుతాయి.

ఇప్పటికే కారు చోట స్టాక్ బాండ్ వేయించుకుని జాయింట్లు విచ్చుకుంటున్నవాళ్లు పేవర్లను పారేయకండి. 2:1 కొలతవైతే ఎత్తి, పక్కలకు అంటిన ఇసుక గీకి, 90 డిగ్రీల హెరింగ్‌బోన్‌లో తిరిగి పరచవచ్చు. చదరపువి అయితే ఒక్కో వరసను సగం జరిపి రన్నింగ్ బాండ్ చేయవచ్చు. ఎత్తినప్పుడే బేస్ కుంగిందేమో చూసి కంకరతో సరిచేయించండి, పాత పరుపు ఇసుక తీసేసి కొత్తది పోయించండి. అంచుల్లో కొత్త కటింగ్ వస్తుంది కాబట్టి కొన్ని పేవర్లు అదనంగా కావాలి.