అంగానికి రింగు బిగుసుకుంటే: దారమా, కట్టరా?

తిరుపతిలో కాజువాలిటీ నైట్ డ్యూటీలు చేస్తానని తెలిసి, షెడ్లలో పనిచేసే కుర్రాళ్లు పేరు చెప్పకుండా ఫోన్‌లో అడిగే ప్రశ్న ఇది. ఉంగరమో, వాషరో, బేరింగో అంగానికి బిగుసుకుపోతే దారంతో తీయించుకోవడం మేలా, కోయించుకోవడం మేలా?

దారం పద్ధతి మన ఇళ్లలో వేలి ఉంగరం తీసేదే. రింగు కిందుగా దారం కొస దూర్చి, అక్కణ్ణుంచి చివరిదాకా సందు లేకుండా బిగించి చుడతారు. వాపు అణుగుతుంది. లోపలి కొసను విప్పుకుంటూ వస్తే రింగు జారుతుంది. చర్మం చిట్లకుండా ఉండి, మత్తు సూది వేసి డాక్టరు చేస్తే మంచి పద్ధతే. నూనె, ఐసు మొదట్లో తప్ప పెద్దగా పనిచేయవు.

నేనైతే కోయడం వైపే. కారణం టైము. రింగు బిగుసుకుంటే వెనక్కి వెళ్లే రక్తం ముందు ఆగుతుంది, వచ్చేది వస్తూనే ఉంటుంది. అందుకే వాపు. అది పెరిగి వచ్చే రక్తం కూడా ఆగితే స్పర్శ పోతుంది, చర్మం నల్లబడి కుళ్లుతుంది. మా దగ్గరికి గంటలో ఎవరూ రారు. సిగ్గుతో దాచిపెట్టి, చర్మం చిట్లాక వస్తారు. దాని మీద దారం బిగిస్తే ఇంకా ఊడొస్తుంది.

పీలేరు వైపు నుంచి ఒక మెకానిక్ బేరింగ్ రింగుతో వచ్చాడు. అంతకుముందు వెళ్లిన చోట నవ్వి పంపేశారట. వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. బంగారం, వెండి కోసే మా చిన్న కట్టరుతో ఆ స్టీలు మీద గీతైనా పడలేదు. చిన్న గ్రైండరు తెప్పించారు. రింగుకీ చర్మానికీ మధ్య సన్నటి స్టీలు పట్టీ దూర్చారు. వేడికి చర్మం కాలకుండా నేను చల్లటి సెలైన్ ఆపకుండా పోస్తూనే ఉన్నాను. ఎదురెదురుగా రెండు చోట్ల కోస్తే రెండు ముక్కలై ఊడింది. అతను మొదట అడిగింది నీళ్లు. మూత్రం వస్తుందన్న భయంతో ముందు రోజు నుంచి గుక్కెడు తాగలేదట.

ప్లాస్టిక్ బాటిల్ మూతి అయితే పిండికట్టు కోసే రంపం చాలు. ఇంట్లో మాత్రం దేనితోనూ కోసుకోవద్దు. తీసేశాక స్పర్శ ఉందా, మూత్రం ధారగా వస్తోందా అని చూస్తారు. మూత్రనాళానికి దెబ్బ తగిలిందనిపిస్తే యూరాలజీ డాక్టరు చూడాలి, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి. ఏ లోహమో, ఎన్ని గంటలైందో మాత్రం దాచకుండా చెప్పండి. ఏ పనిముట్టు తేవాలో దాన్నిబట్టే తేలుతుంది.