తిరుపతి యూనివర్సిటీ లైబ్రరీల సేవలు: శాలువా ఎవరికి కప్పాలి?

యూనివర్సిటీ లైబ్రరీ ఎలా ఉందో ఏసీ రీడింగ్ హాలును చూసో, రిజిస్టర్‌లో ఉన్న పుస్తకాల లెక్క చూసో చెప్పలేం. అడిగిన పుస్తకం చేతికి రావడానికి ఎంతసేపు పట్టింది, దొరక్కపోతే కౌంటర్‌లో ఉన్న మనిషి ఆ తర్వాత ఏం చేశాడు అన్నవే అసలు కొలతలు. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అచ్చువేసిన ఐదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమనే చెబుతుంది. ఏటా ఆగస్టు 12న, ఆయన పుట్టినరోజున, లైబ్రేరియన్ల దినోత్సవం జరుపుతారు. స్టేజీ మీద శాలువాలు కప్పుతారు, మెమెంటోలు ఇస్తారు. అవి ర్యాకుల మధ్య తిరిగే వాళ్ళ దాకా రావడం మాత్రం అరుదు.

చదువుకునే వాళ్ళకు తిరుపతి అదృష్టమైన ఊరు. 1954లో పెట్టిన ఎస్వీ యూనివర్సిటీ, 1983లో వచ్చిన పద్మావతి మహిళా యూనివర్సిటీ, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, అన్నీ ఆటో ఎక్కితే నిమిషాల్లో చేరేంత దూరంలోనే ఉన్నాయి. ఒకచోట లేని పుస్తకం ఇంకోచోట ఉండే అవకాశం గట్టిగా ఉంది. అందుకే ఈ ఊళ్ళో మంచి లైబ్రరీ ఉద్యోగి 'మా దగ్గర లేదు' అన్నాక ఆగడు. పక్క యూనివర్సిటీ ఓపాక్, అంటే ఆన్‌లైన్ కేటలాగ్ తెరిచి, పుస్తకం ఏ ర్యాకులో ఉందో చెప్పే కాల్ నంబరు చీటీ మీద రాసి, లైబ్రేరియన్ పేరు మీద పరిచయ లేఖ ఇప్పిస్తాడు. ఆ లేఖ, ఐడీ కార్డు, కాల్ నంబర్ల చీటీ మూడూ ఉంటే అక్కడ కూర్చుని చదువుకోవడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. ఇంటికి మాత్రం ఇవ్వరు. లేఖ లేకుండా గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చే వాళ్ళే ఎక్కువ.

సిబ్బంది పనితనం అన్నిటికన్నా బాగా తెలిసేది రెఫరెన్స్ కౌంటర్ దగ్గర. 'సార్, అన్నమయ్య మీద బుక్స్ ఉన్నాయా?' అని అడిగితే కొత్తగా చేరిన వాళ్ళు కంప్యూటర్‌లో పేరు కొట్టి వచ్చిన జాబితా చూపిస్తారు. పని తెలిసిన వాళ్ళు ఎదురు ప్రశ్న వేస్తారు. 'ఎంఏ వాళ్ళా, పీహెచ్‌డీనా అమ్మా? సంకీర్తనల పాఠం కావాలా, స్వరాలతోనా, భక్తి గురించి రాసినవా?' అంటారు. దీనికి కారణం ఉంది. పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలు ఇచ్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827 కింద, సంగీతం 780ల్లో, హిందూ మతం 294.5 కింద ఉంటాయి. అన్నమయ్య పుస్తకాలు ఈ మూడు చోట్లా చెదిరి ఉంటాయి, ఒక్కోసారి మూడు వేర్వేరు అంతస్తుల్లో. ఒక ర్యాకు చూసి 'ఇంతేనా' అనుకుని వెళ్ళిపోయే విద్యార్థిని ఆపి మిగతా రెండూ చూపించే మనిషికి నా లెక్కలో పూర్తి మార్కులు.

ఇక కేటలాగ్‌లో పేర్ల చిక్కు. పాత ఎంట్రీలు చాలా చోట్ల రోమన్ లిపిలో ఉన్నాయి. తిరుపతిలోనే పనిచేసిన వేటూరి ప్రభాకర శాస్త్రి గారి పేరే తీసుకోండి. ఇంటిపేరు ముందు పెట్టి ఒక ఎంట్రీ, వెనక పెట్టి ఇంకో ఎంట్రీ ఉండొచ్చు. శాస్త్రి చివర ఒకరు ఐ కొడతారు, ఇంకొకరు వై కొడతారు, మరొకరు ఎస్ పక్కన హెచ్ చేరుస్తారు. పూర్తి పేరు టైపు చేస్తే ఏదో ఒక రూపమే దొరుకుతుంది. అనుభవం ఉన్న వాళ్ళు పేరు మధ్యలోని మాటలో మొదటి ఐదారు అక్షరాలు కొట్టి, మిగతావి ఏవైనా సరే అని స్టార్ గుర్తు పెడతారు, లేదా రచయితను వదిలేసి పుస్తకం పేరులోని అరుదైన మాటతో వెతుకుతారు. ఇది ఏ మాన్యువల్ చూసో వచ్చే నేర్పు కాదు.

'ఉంది అని చూపిస్తోంది, ర్యాకులో లేదు' అన్నది లైబ్రరీల మీద వినిపించే ఫిర్యాదుల్లో అన్నిటికన్నా పాతది. ఎవరో దాచేశారని విద్యార్థులు అనుకుంటారు. అదీ జరుగుతుంది, పరీక్షల ముందు మరీ. కానీ ఎక్కువసార్లు తప్పు దశాంశం దగ్గర ఉంటుంది. 530.12 అనేది 530.2 కంటే ముందు రావాలి. పన్నెండు రెండు కంటే పెద్దది కదా అని వెనక పెడతారు. అలా ఒకసారి తప్పిన పుస్తకం ఓపాక్ ప్రకారం ఉన్నట్టే, చదివేవాడికి మాత్రం లేనట్టే. దీనికి మందు షెల్ఫ్ రీడింగ్ ఒక్కటే. ఒక్కో వరుస ముందు నిలబడి, వెన్ను మీది లేబుళ్ళు ఎడమ నుంచి కుడికి చదువుతూ, తప్పినవి తీసి వాటి చోట పెట్టాలి. దుమ్ము, నడుం నొప్పి తప్ప ఎవరి మెప్పూ రాని పని. ఏ వరుసలోనైనా వరుసగా ఇరవై పుస్తకాల లేబుళ్ళు మీరే చదివి చూడండి. తప్పు దొరక్కపోతే అక్కడ పనిచేసే అటెండర్ ఎవరో కనుక్కోండి.

పరిశోధక విద్యార్థులకు అసలు అగ్నిపరీక్ష థీసిస్ సమర్పించేటప్పుడు. కాపీ కొట్టారా అని సాఫ్ట్‌వేర్‌తో చూస్తారు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం ఇతర రచనలతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే ఆరు నెలల లోపు సరిచేసి ఇవ్వాలి. 40 దాటితే ఏడాది పాటు మళ్ళీ ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మూలం చెప్పి ఇచ్చిన ఉల్లేఖనలు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు ఈ లెక్కలోకి రావు. వరుసగా 14 మాటల దాకా కాకతాళీయంగా కలిసినవీ రావు. ఈ మినహాయింపుల్లో చాలావరకు సాఫ్ట్‌వేర్‌లో టిక్ పెడితేనే పనిచేస్తాయి. టిక్ పెట్టకుండా రిపోర్టు తీసి '28 శాతం వచ్చింది పో' అని పంపేసే వాళ్ళూ ఉన్నారు. రిపోర్టు తెరిచి, ఏ రంగు ఏ మూలానిదో చూపించి, ఇది మీ సొంత వ్యాసమే, ఇది శ్లోకం, ఇది మాత్రం తిరగరాయండి అని విడదీసి చెప్పేవాళ్ళూ ఉన్నారు. జీతం ఇద్దరికీ ఒకటే.

తెలుగు థీసిస్‌లకు ఇంకో తలనొప్పి ఉంది. డీటీపీ సెంటర్లో అను ఫాంట్‌తో పేజ్‌మేకర్‌లో కొట్టించిన ఫైల్ కంటికి తెలుగే. లోపల ఉండేవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. సాఫ్ట్‌వేర్ వాటిని చదివితే ఏ మూలంతోనూ కలవదు, సున్నా శాతం వస్తుంది. దాన్ని చూసి సంబరపడకండి. గైడ్ గారు యూనికోడ్ కాపీ, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగానే చదవగలిగే కాపీ అడిగిన రోజు కథ మొదటికొస్తుంది. కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌కు మార్చుకుంటే వత్తులు, క్ష, అంకెలు చెదిరిపోతాయి. అధ్యాయం అధ్యాయంగా మార్చి, ప్రతి పేజీ అచ్చు ప్రతితో పోల్చుకోవాలి. ఈ మాట రిజిస్ట్రేషన్ అయిన కొత్తలోనే చెప్పి, మొదటి నుంచీ యూనికోడ్‌లో కొట్టమని హెచ్చరించే లైబ్రరీ అసిస్టెంట్ ఆ విద్యార్థికి నెలల తరబడి శ్రమ తప్పించినట్టే.

దేశంలోని థీసిస్‌లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే శోధ్‌గంగకు ఇచ్చేటప్పుడు థీసిస్ మొత్తం ఒకే పీడీఎఫ్‌గా కాదు, ముక్కలుగా ఇవ్వాలి. టైటిల్ పేజీ, ముందు పేజీలు, విషయసూచిక, సంగ్రహం, ఒక్కో అధ్యాయం, అనుబంధాలు అన్నీ 01 నుంచి వరుస నంబర్లతో విడివిడి ఫైళ్ళుగా ఉండాలి. టైటిల్ పేజీనీ చివరి అధ్యాయాన్నీ కలిపి 80 నంబరుతో ఇంకో ఫైల్ చేయాలి. ఈ ఫైళ్ళు వేసి ఇచ్చిన సీడీ వెనక్కి తిరిగొచ్చేది ఎక్కువగా ఈ చివరి ఫైల్ లేకనే.

తాళపత్రాల విషయంలో మాత్రం కాస్త కఠినంగా ఉండే సిబ్బందే మంచి సిబ్బంది. టీటీడీ 1939లో మొదలుపెట్టి 1956లో ఎస్వీ యూనివర్సిటీకి అప్పగించిన ప్రాచ్య పరిశోధన సంస్థ ఈ ఊళ్ళోనే ఉంది. తాళపత్రాలు చూడాలంటే డిపార్ట్‌మెంట్ లేఖతో ముందే అడగాలి. కట్ట తాడు మీ అంతట మీరు విప్పకూడదు. ఆకుల వరుస తప్పితే మళ్ళీ కూర్చడం ఎంత కష్టమో విప్పిన వాళ్ళకే తెలుస్తుంది. నిమ్మగడ్డి నూనె పూసేది గంటంతో చెక్కిన ఆకులకే. సిరాతో రాసిన వాటికి పూస్తే అక్షరం అలుక్కుపోతుంది. 'ఫ్లాష్ వేయొద్దు, చెయ్యి ఆనించొద్దు' అని గదమాయించే మేడమ్ మీద ఫిర్యాదు రాయకండి.

బలహీనమైనది ఆన్‌లైన్ సేవ. 2025 జనవరి 1 నుంచి 'ఒకే దేశం ఒకే సబ్‌స్క్రిప్షన్' కింద 30 ప్రచురణ సంస్థల జర్నళ్ళు, సుమారు 13,000, ప్రభుత్వ యూనివర్సిటీలకు అందుబాటులోకి వచ్చాయి. కానీ హాస్టల్‌లో మొబైల్ డేటాతో తెరిస్తే డబ్బు కట్టమంటుంది, ఎందుకంటే అది క్యాంపస్ ఐపీ, అంటే క్యాంపస్ నెట్‌వర్క్ చిరునామా కాదు. బయటి నుంచి తెరవాలంటే లైబ్రరీ ద్వారా ఇన్‌ఫెడ్ అనే లాగిన్ తీసుకోవాలి. ఈ సంగతి నోటీసు బోర్డు మీద తాటికాయంత అక్షరాలతో ఉండాల్సింది, అడిగితే తప్ప చెప్పేవాళ్ళు లేరు. జిరాక్స్ కౌంటర్ గురించి చెప్పడానికి ఏమీ లేదు, చిల్లర తీసుకెళ్ళండి.

ఇంత సేవ చేసిన వాళ్ళను గుర్తించాలంటే నోటితో థాంక్స్ చెబితే సర్వీస్ ఫైల్లోకి ఎక్కదు. 'సిబ్బంది చాలా బాగా సహకరించారు' అని సూచనల పెట్టెలో వేసినా అంతే, దాని ఆధారంగా ఎవరూ ఏమీ చేయలేరు. ఒక్క పేజీ లేఖ చాలు. తేదీ, సెక్షన్, ఉద్యోగి పేరు, హోదా, మీరు అడిగింది ఏమిటి, ఆ మనిషి చేసింది ఏమిటి, దానివల్ల మీకు తప్పిన శ్రమ ఎంత అన్నది రాయండి. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్ళైతే ఆ మాట కూడా రాయండి, రెన్యువల్ సమయంలో పనికొస్తుంది. లేఖ లైబ్రేరియన్ గారి పేరు మీద రాసి, ఒక కాపీ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఇచ్చి, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. నంబరు వేసిన జిరాక్స్ ఒకటి ఆ ఉద్యోగి చేతికే ఇచ్చేయండి.