కృష్ణ ఒడ్డున నడక: భవానీ ద్వీపమా, కృష్ణలంకా?

విజయవాడ వచ్చిన చుట్టాలు "పొద్దున్నే కృష్ణ ఒడ్డున కాసేపు నడవాలంటే ఎక్కడికెళ్లాలి?" అని అడుగుతుంటారు. భవానీ ద్వీపం పేరు అందరికీ తెలిసిందే కాబట్టి చాలామంది అటే పంపేస్తారు. నేను మాత్రం ముందు ఒక మాట అడుగుతాను: మీకు నడక ముఖ్యమా, నీళ్లు ముఖ్యమా?

తేడా అంతా ప్రకాశం బ్యారేజీతోనే వస్తుంది. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ నదిని ఆపి, నీళ్లను డెల్టా కాలువలకు మళ్లిస్తుంది. అందుకే ఎగువన, ద్వీపం చుట్టూ నీళ్లు నిలిచి ఉంటాయి. దిగువన, ఊళ్లో ఒడ్డునే ఉన్న కృష్ణలంక పేట దగ్గర మాత్రం గేట్లు ఎత్తినప్పుడు తప్ప చాలా రోజులు ఇసుక మేటలు, మధ్యమధ్య మడుగులే.

ద్వీపం దాదాపు 130 ఎకరాలు. చెట్ల నీడ ఉంది, పిల్లలు పరుగెత్తడానికి చోటుంది. కానీ పున్నమి ఘాట్ నుంచో బెర్మ్ పార్క్ నుంచో బోటెక్కితేనే వెళ్లగలం. ఒకసారి అమ్మను తీసుకెళ్లాను. బోటు కోసం ఆగి, దిగి, నడక మొదలుపెట్టేసరికి ఎండ నెత్తికెక్కింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి, బోటు అంచు మీద కాలు పెట్టడానికే భయపడింది. పైగా నదికి వరదొస్తే బోట్లు ఆపేస్తారు.

కృష్ణలంకలో వరద గోడ పక్కన వేసిన రివర్ ఫ్రంట్ పార్కుకి ఆ బాధ లేదు. తెల్లారక ముందే ఇంట్లోంచి బయల్దేరి నేరుగా వెళ్లిపోవచ్చు. నీళ్లు తక్కువున్నా నాకు ఆ చోటంటే ఇష్టం. సూర్యుడు దిగువ వైపే పైకొస్తాడు. ఆ వెలుతురులో మడుగుల అంచున తెల్ల కొంగలు ఒంటికాలి మీద కదలకుండా నిలబడి ఉంటాయి, చేప కదిలిందా ముక్కు దింపేస్తాయి. ఆ గోడ విలువ 2024 సెప్టెంబరులో తెలిసింది. బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో కృష్ణలంక ఇళ్లను కాచింది అదే.

రోజూ నడిచేవాళ్లకీ, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకీ కృష్ణలంకే మేలు. పిల్లలతో సగం రోజు తీరిక ఉంటే ద్వీపానికి వెళ్లండి, అదీ చలికాలంలో. తాగే నీళ్లు, తినడానికేదైనా వెంట పెట్టుకోండి. రెండింటికీ టైం లేకపోతే సాయంత్రం బ్యారేజీ మీదికి రండి. కిలోమీటరుకి పైగా పొడవుంటుంది. ఎగువ వైపు తిరిగి నిలబడితే కొండల వెనక పొద్దు దిగడం కనిపిస్తుంది. బళ్లు ఆగకుండా పోతుంటాయి, పిల్లల చెయ్యి మాత్రం వదలకండి.