పెళ్లి వేదికా, రోగి మంచమా: దైవసేవకునికి ఏది మేలు?

వివాహం జరిపించే సేవకునికి కలిగే సంతోషం నిజమైనదే కాని, అది త్వరగా చల్లారుతుంది. ప్రమాణాలు చెప్పించి, ఉంగరాలు మార్పించి, రిజిస్టరులో సాక్షుల సంతకాలు పెట్టించేసరికి ఆయన పని ముగుస్తుంది. ఆ తరువాత ఫోటోగ్రాఫరు ఆయనను మర్యాదగానే కాస్త పక్కకు జరగమంటాడు. వధూవరులు వేరే సంఘానికి చెందినవారైతే వారు మళ్లీ కనబడడం అరుదు. నిజానికి లాటిన్ కథోలిక సంప్రదాయం ప్రకారం వివాహ సంస్కారాన్ని ఒకరికొకరు ఇచ్చుకొనేది వధూవరులే. గురువు సంఘం పక్షాన వారి సమ్మతిని అడిగి స్వీకరించే సాక్షి. కానా ఊరి పెళ్లికి యేసు కూడా పిలుపు అందుకొన్న అతిథిగానే వెళ్లాడు. కాబట్టి పెళ్లిళ్ల సంఖ్యతోనే తన పిలుపును కొలుచుకొనే సేవకునికి కొంతకాలానికి వెలితి తోచడంలో వింత లేదు.

రోగుల పరామర్శ తీరు వేరు. అక్కడ ముందుగా రాసిపెట్టుకొన్న క్రమం ఉండదు. యాకోబు పత్రిక 5:14 రోగి సంఘ పెద్దలను పిలిపించుకోవాలనీ, వారు నూనె రాచి ప్రార్థించాలనీ చెబుతుంది గాని, ప్రార్థనకు ముందు గడిచే మౌనాన్ని ఎలా భరించాలో ఆ వచనంలో లేదు. కుర్చీని మంచానికి దగ్గరగా జరుపుకొని, రోగి అడిగితే గ్లాసు నోటికి అందించి, ఆయన కొడుకు ఎందుకు రాలేదన్న సంగతి ఆయనే ఎత్తేవరకు ఎదురుచూడడం చిన్న పని కాదు. వచ్చీరాగానే కళ్లు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టేవారు చాలాసార్లు తమ భయాన్నే దాచుకొంటున్నారని నాకనిపిస్తుంది. స్వయంగా మానసిక రోగిగా ఆసుపత్రిలో గడిపిన అమెరికా పాస్టరు ఆంటన్ బోయిసెన్, 1925లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ ప్రభుత్వ ఆసుపత్రికి వేదాంత విద్యార్థులను రప్పించి, గ్రంథాలను చదివినంత శ్రద్ధగా రోగులను అర్థం చేసుకోవడం నేర్పాడు.

చెరసాల పరిచర్యకు ఇంకా ఎక్కువ ఓర్పు కావాలి. ఖైదీల మేలుకోసం పాటుపడిన ఆంగ్ల వనిత ఎలిజబెత్ ఫ్రై లండన్‌లోని న్యూగేట్ చెరసాలలో తొలిసారి అడుగుపెట్టింది 1813లో. తల్లులతోపాటు అక్కడే ఉన్న పిల్లలకు బడి పెట్టడానికి మరికొన్నేళ్లు పట్టింది. ఫలితం వెంటనే కనబడాలనుకొనేవారు దీని జోలికి పోకపోవడమే మంచిది.

ఈ మూడింటిలో రోగుల పరామర్శకే నా మొగ్గు, దానికి మూల్యం ఉన్నా. అది నిద్రను చెడగొడుతుంది, అనేకసార్లు భూస్థాపనతో ముగుస్తుంది, విశ్రాంతి దినాన్ని పట్టుబట్టి కాపాడుకోకపోతే మనిషిని ఎండగడుతుంది. అలాగని పెళ్లిళ్లను వదులుకోనక్కరలేదు. వివాహానికి ముందే ఆ జంటతో అప్పుల గురించి, అత్తమామల గురించి మొహమాటం లేకుండా మాట్లాడి, పెళ్లయిన ఆరు నెలలకు వారింటికి వెళ్లవలసిన తేదీని అప్పుడే డైరీలో రాసుకొనే సేవకునికి, వేదిక దిగడంతో పని ముగియదు.