యూనిక్స్ నుంచి నెట్‌వర్క్ ప్రింటర్‌కు: ఎల్‌పీడీ, 9100, ఐపీపీలలో ఏది మేలు?

యూనిక్స్ కంప్యూటర్ నుంచి ప్రింటర్‌కు పని పంపే ఈ మూడు పద్ధతుల్లో ఏది మేలు? కొత్త ప్రింటర్ వచ్చిన ప్రతిసారీ తోటివారు నన్ను అడిగేది ఇదే. పోయిన నెల మా ఆఫీసులో ప్రింట్ క్యూలన్నీ (ముద్రణ పనులు వరుసలో నిలిచే చోట్లు) నేనే మార్చాను కనుక ఇక రాసిపెట్టడమే నయం.

ఎల్‌పీడీ పాతకాపు. బీఎస్‌డీ అనే పాత యూనిక్స్ కాలం నాటిది. 1990లో ఆర్‌ఎఫ్‌సీ 1179 అనే ఇంటర్నెట్ పత్రంగా అక్షరబద్ధమైంది. 515 పోర్టులో (పోర్టంటే యంత్రానికి ఉండే నంబరు తలుపు లాంటిది) సోలారిస్, ఏఐఎక్స్ వంటి ఏ పాత యూనిక్స్ యంత్రమైనా దీనితో మాట్లాడుతుంది. చిక్కంతా ప్రింటర్ వైపు క్యూ పేరుతోనే. అది ఒక్కో తయారీదారు దగ్గర ఒక్కో రకం.

9100 పోర్టుకు ఆ బాధ లేదు. బైట్లు తోసేయడమే, పేరూ ఊరూ అడగదు. అయితే ఫిల్టర్ (ముద్రణకు తగినట్టు మార్చే ప్రోగ్రాం) లేకుండా మామూలు టెక్స్ట్ పంపితే వరుసలు మెట్లు దిగినట్టు కుడివైపుకు జారిపోతాయి. యూనిక్స్ వరుస చివర లైన్ ఫీడ్ (కింది వరుసకు దిగమనే గుర్తు) ఒక్కటే పెడుతుంది, ప్రింటర్ క్యారేజ్ రిటర్న్ (ఎడమ అంచుకు రమ్మనే గుర్తు) కోసం కూడా చూస్తుంది. దీన్ని సరిచేసుకోవచ్చు. సరిచేయలేనిది దాని మౌనం.

ఒకసారి పన్నెండు పేజీల జీతాల పట్టీ పంపాను. చిన్న ఫైలు, మొత్తం ప్రింటర్ మెమరీలోకి వెళ్లిపోయింది. నా క్యూ ఖాళీ. 'అయిపోయిందండీ' అన్నాను. అకౌంట్స్ మేడమ్ ఆరు కాగితాలు పట్టుకుని వచ్చారు. ట్రేలో కాగితం అయిపోయిన సంగతి నా కంప్యూటర్‌కు తెలియనే తెలియదు.

ఐపీపీలో ఇలా జరగదు. 631 పోర్టులో, వెబ్ వాడే హెచ్‌టీటీపీ మీద నడుస్తుంది. ప్రతి పనికీ ప్రింటరే ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబరుతో పని ఎక్కడిదాకా వచ్చిందో, ఎందుకు ఆగిందో అడగవచ్చు, మధ్యలో రద్దు చేయవచ్చు. 1999లో వచ్చిన కప్స్ అనే యూనిక్స్ ముద్రణ వ్యవస్థకు ఇది మాతృభాష. ఈమధ్య ప్రింటర్లయితే ఎల్‌పీఅడ్మిన్ అనే కప్స్ కమాండుకు మోడల్‌గా 'ఎవ్రీవేర్' అని ఇస్తే చాలు, కాగితం సైజులు, రెండువైపులా ముద్రణ వంటి వివరాలన్నీ ప్రింటర్‌నే అడిగి తెచ్చుకుంటుంది. ప్రింటర్ వివరాలుండే పీపీడీ ఫైళ్ల కోసం వెతుకులాట ఉండదు.

యూనిక్స్ నుంచి విండోస్ ప్రింటర్లకు పంపే సాంబా సంగతి: ప్రింటర్ విండోస్ సర్వర్ వెనక ఉండి, వేరే దారి లేనప్పుడే.

మా దగ్గర బిల్లులు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ఒక్కటే ఇంకా 9100 మీద ఉంది. దాని ప్రింట్ సర్వర్ పెట్టెకు ఐపీపీ రాదు. బిల్లులు వేసేవారు దాని పక్కనే కూర్చుంటారు. చప్పుడు ఆగితే కాగితం పెడతారు.