ఇంట్లో కలుపుకునే వేప్ లిక్విడ్: కాపెల్లా కస్టర్డ్, టీఎఫ్ఏ స్ట్రాబెర్రీ, ఇనవేరా బిస్కెట్ ఊరాక ఎలా ఉన్నాయంటే

వేప్ (ఈ-సిగరెట్) లిక్విడ్‌లో కలిపే కాపెల్లా వెనిలా కస్టర్డ్ ఫ్లేవర్ గురించి ఆన్‌లైన్‌లో చూస్తే సగం మంది ఆహా ఓహో అంటారు, మిగతా సగం మంది ఏదో కెమికల్ వాసన, డబ్బులు దండగ అంటారు. ఈ రెండో రకం వాళ్ళలో చాలామంది చేసేది ఒకటే, రాత్రి కలుపుతారు, పొద్దున లేవగానే డివైస్‌లో లిక్విడ్ ఉండే ట్యాంకులో పోసి నాలుగు దమ్ములు లాగి రివ్యూ రాసి పడేస్తారు. కస్టర్డ్ రుచి కలిపిన మర్నాడు తెలీదండి, కనీసం రెండు మూడు వారాలు ఊరాలి. ఊరకముందు ఇచ్చిన రేటింగ్ ఆ ఫ్లేవర్‌కి అన్యాయం. అందుకే ఇక్కడ నేను చెప్పేవన్నీ ఊరిన తర్వాత రుచులే.

ముందు కొన్ని విషయాలు చెప్పేస్తా. నేనుండేది మాంచెస్టర్‌లో. సిగరెట్ మానడం కోసం వేప్‌కి వచ్చినవాణ్ణి, సిగరెట్ అలవాటే లేనివాళ్ళు దీని జోలికి రావద్దు, రుచి బాగుంటుందట కదా అని అసలు రావద్దు. ఇండియాలో ఉన్నవాళ్ళకి ఇది పనికొచ్చే రివ్యూ కాదు, అక్కడ 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్, అదే ఏడాది డిసెంబర్‌లో చట్టం వచ్చింది, తయారీ, అమ్మకం, దిగుమతి, నిల్వ అన్నీ నిషేధం, తయారీ, అమ్మకం, దిగుమతిలో మొదటిసారి దొరికితేనే ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేకపోతే రెండూ. గుంటూరు నుంచి మా బావమరిది ఫోన్ చేసి "బావా, ఈసారి వచ్చేటప్పుడు నాక్కూడా ఒక బాటిల్ పట్రా" అన్నాడు, కుదరదురా అని గట్టిగా చెప్పా. శంషాబాద్‌లో దిగేటప్పుడు సూట్‌కేసులో ఒక్క డివైస్, ఒక్క బాటిల్ కూడా ఉండకూడదు, మనం వాడుకోడానికే కదా అంటే కుదరదు.

ఇక ఇంట్లో కలుపుకోవడం ఎందుకు అంటే, యూకేలో నికోటిన్ ఉన్న లిక్విడ్ బాటిల్ 10 ఎంఎల్ దాటకూడదు, నికోటిన్ ఎంఎల్‌కి 20 మిల్లీగ్రాములు దాటకూడదు, ట్యాంకు 2 ఎంఎల్ దాటకూడదు. ఈ రూల్స్ 2016లో వచ్చి 2017 మే నుంచి పూర్తిగా అమల్లోకొచ్చాయి. అప్పట్నుంచి షాపుల్లో షార్ట్‌ఫిల్ అని 60 ఎంఎల్ బాటిల్లో 50 ఎంఎల్ నికోటిన్ లేని లిక్విడ్ పోసి అమ్ముతున్నారు, ఎంఎల్‌కి 18 మిల్లీగ్రాముల నికోటిన్ ఉండే చిన్న బాటిల్, అదే నికోటిన్ షాట్, 10 ఎంఎల్ మనం పోసుకుంటే మొత్తం బాటిల్ ఎంఎల్‌కి 3 మిల్లీగ్రాములు అవుతుంది. అంటే షార్ట్‌ఫిల్ వాడే ప్రతివాడూ ఆల్రెడీ సగం కలుపుతున్నట్టే, మిగతా సగం కూడా మనమే చేసుకుంటే అందులో ఏం పడిందో, ఎంత తీపి పడిందో మన చేతిలో ఉంటుంది. నాకు షాపు లిక్విడ్లతో ఉన్న ప్రధానమైన గొడవ ఆ తీపే.

నేను ఎక్కువగా చేసుకునేది స్ట్రాబెర్రీ కస్టర్డ్. 60 ఎంఎల్ బాటిల్‌కి లెక్క చెప్తా, కాపెల్లా, టీఎఫ్ఏ, ఇనవేరా అనేవి ఫ్లేవర్లు చేసే కంపెనీల పేర్లు. కాపెల్లా వెనిలా కస్టర్డ్ 6 శాతం, టీఎఫ్ఏ స్ట్రాబెర్రీ రైప్ 4, ఇనవేరా షిషా స్ట్రాబెర్రీ 2, ఇనవేరా బిస్కెట్ 1. మొత్తం ఫ్లేవర్ 13 శాతం, అంటే 7.8 ఎంఎల్. దానికి పీజీ అంటే ప్రొపిలీన్ గ్లైకాల్‌లో ఉన్న 18 మిల్లీగ్రాముల నికోటిన్ షాట్ 10 ఎంఎల్, మిగతా 42 ఎంఎల్ మొత్తం వీజీ అంటే వెజిటబుల్ గ్లిజరిన్. ఫ్లేవర్లన్నీ మామూలుగా పీజీలోనే ఉంటాయి కాబట్టి విడిగా పీజీ పోయక్కర్లేకుండానే 70/30, అంటే 70 శాతం వీజీ, 30 శాతం పీజీ వచ్చేస్తుంది. సిరంజీలతో కొలవకండి, చేతికి జిడ్డు, కడగడం ఒక పని, పైగా వీజీ సిరంజిలోకి ఎక్కాలంటే ఓపిక కావాలి. 0.01 గ్రాము వరకు చూపించే చిన్న తూకం మెషిన్ కొనుక్కుని బాటిల్ దాని మీద పెట్టి ఒక్కొక్కటీ పోస్తూ సున్నా చేసుకుంటూ పోవడమే. పీజీ ఎంఎల్ బరువు 1.04 గ్రాములు, వీజీ 1.26, కాబట్టి కస్టర్డ్ 3.74 గ్రాములు, టీఎఫ్ఏ స్ట్రాబెర్రీ 2.5, షిషా స్ట్రాబెర్రీ 1.25, బిస్కెట్ 0.62, వీజీ సుమారు 53 గ్రాములు. మెషిన్ కొనేటప్పుడు ఒకటే చూడండి, దానంతట అది ఆఫ్ అయ్యే టైమ్ ఎంత అని, కొన్ని నిమిషం దాటితే ఆరిపోతాయి, సగం పోశాక అలా ఆరిపోతే ఎంత పోశామో తెలీక మొత్తం పారబొయ్యాల్సిందే.

కంపెనీకీ కంపెనీకీ ఘాటులో చాలా తేడా ఉంటుంది, ఇది కొత్తవాళ్ళకి ఎవరూ సరిగ్గా చెప్పరు. కాపెల్లా, టీఎఫ్ఏ రెండూ అమెరికా కంపెనీలు, వాటిని ఐదారు శాతం పోసినా ఏం కాదు. ఇనవేరా పోలండ్‌ది, ఫ్లేవర్ఆర్ట్ ఇటలీది, ఈ రెండూ చాలా చిక్కగా ఉంటాయి, బిస్కెట్ 1 శాతం దాటి 3 పోశారంటే ఇంక ఆ బాటిల్లో బిస్కెట్ తప్ప ఏమీ ఉండదు. అందుకే శాతాలు చూసేటప్పుడు పక్కన కంపెనీ పేరు కూడా చూడండి.

ఇప్పుడు ఊరడం సంగతి. కలిపిన రోజు బాటిల్ నీళ్ళలా తెల్లగా ఉంటుంది, పీలిస్తే ముందు స్ట్రాబెర్రీ ముక్కు దాకా కొడుతుంది, కాస్త స్పిరిట్ లాంటి ఘాటు, కస్టర్డ్ ఎక్కడో విడిగా చప్పగా తగుల్తుంది. వారానికి లేత పసుపు తిరుగుతుంది, ఆ ఘాటు పోతుంది, అప్పుడు కూడా పర్లేదు కానీ ఇంకా మూడు రుచులు మూడుగానే తెలుస్తుంటాయి. మూడో వారం దాటాక లేత టీ డికాషన్ రంగుకి వచ్చేస్తుంది, అప్పుడు చూడాలి, కస్టర్డ్‌లో గుడ్డు, పాలు కలిసిన చిక్కదనం నాలుక వెనక దాకా నిలుస్తుంది, బిస్కెట్ వదిలేటప్పుడు మాత్రమే కాస్త మాడిన అంచులా తెలుస్తుంది, స్ట్రాబెర్రీ అందులో కలిసిపోయి ఉంటుంది. ఆ రంగు చూసి కంగారు పడేవాళ్ళుంటారు, వెనిలా వాసననిచ్చే వెనిలిన్ వల్ల, నికోటిన్‌కి గాలి తగలడం వల్ల రంగు ముదురుతుంది, అది మామూలే.

లోపల జరిగేది పులియడం లాంటిదేమీ కాదు. వీజీ చాలా చిక్కన కాబట్టి ఫ్లేవర్ అంతటా సమంగా కలవడానికే టైమ్ పడుతుంది, తేలికైన స్పిరిట్లు కొంచెం ఎగిరిపోతాయి, ఇంకా వెనిలిన్ లాంటి ఆల్డిహైడ్ రకం పదార్థాలు పీజీతో కలిసి ఎసిటాల్స్ అనే వేరే పదార్థాలుగా మారతాయి, కలిపినప్పటి రుచికీ వారాల తర్వాత రుచికీ తేడా రావడంలో దీని పాత్ర కూడా ఉంటుంది. పళ్ళ రుచులకి ఇంత ఓపిక అక్కర్లేదు, రెండు మూడు రోజులు చాలు. పైగా పళ్ళకి రివర్స్, ఎక్కువ ఉంచితే తగ్గిపోతాయి. టీఎఫ్ఏ స్ట్రాబెర్రీ రైప్ వాసన మొదట్లో బ్రహ్మాండంగా ఉంటుంది కానీ నెల దాటేసరికి పల్చబడిపోతుంది, దాన్ని నిలబెట్టడానికే షిషా స్ట్రాబెర్రీ వేస్తా, అది చివరిదాకా ఉంటుంది. ఒక్క టీఎఫ్ఏతో చేసుకుని కస్టర్డ్ తయారయ్యేదాకా ఆగితే, ఆ బాటిల్ అయ్యేలోపే స్ట్రాబెర్రీ పోతుంది.

త్వరగా ఊరాలని కొంతమంది అల్ట్రాసోనిక్ క్లీనర్లో పెడతారు, స్లో కుక్కర్లో పెడతారు, మూత తీసి రోజుల తరబడి గాలికి వదిలేస్తారు. నాకు ఇవేవీ నచ్చలేదు. వీజీ పల్చబడి బాగా కలవడానికి గోరువెచ్చని నీళ్ళలో కాసేపు బాటిల్ పెట్టడం వరకు ఓకే, అది కూడా నికోటిన్ పోయకముందు. వేడి, వెలుతురు, గాలి మూడూ నికోటిన్‌ని పాడు చేస్తాయి, మూత తీసి ఉంచితే పళ్ళ వాసన ముందు పోతుంది. బాగా గిలకొట్టి, తేదీ రాసిన టేప్ అంటించి, మూత బిగించి బీరువాలో చీకట్లో పడెయ్యండి, రోజూ తీసి చూడక్కర్లేదు. ఊరే టైమ్‌ని కొనలేం, రెండో బాటిల్ ముందే కలిపి పెట్టుకోవడం ఒక్కటే దారి.

కస్టర్డ్ కొనేవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. వెన్న, కస్టర్డ్ రుచులకి వాడే డైఎసిటైల్, ఎసిటైల్ ప్రొపియోనిల్ అనే పదార్థాలు తినడానికి ఫర్వాలేదు, పీల్చడానికి కాదు. 2000లో అమెరికా మిస్సోరీ రాష్ట్రం జాస్పర్‌లో మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళకి ఊపిరితిత్తులు దెబ్బతిన్నట్టు బయటపడింది, అక్కడి వెన్న ఫ్లేవర్‌లో ఉన్నది ఈ డైఎసిటైలే. కాపెల్లా కస్టర్డ్‌లో వీ1, వీ2 అని రెండున్నాయి. వీ1 రుచి ఎక్కువ చిక్కగా ఉంటుందని అందరూ దాన్నే పొగుడుతారు, వీ2 ఈ పదార్థాలు లేకుండా చేసింది. వీ2 కాస్త పల్చనే, ఒప్పుకుంటా, అయినా నేను వీ2నే వాడతా, రోజూ ఊపిరితిత్తుల్లోకి పంపే దాంట్లో కొంచెం రుచి తగ్గినా నష్టం లేదు. పైన నేను చెప్పిన రుచి వీ2దే, మూడు వారాలు ఆగితే ఆ పల్చదనం చాలావరకు తెలీదు.

ఇక్కడే ఒక ఆన్‌లైన్ షాపు మీద నాకు కోపం ఉంది. పెద్ద డబ్బాలోంచి చిన్న బాటిల్స్‌లోకి పోసి వాళ్ళ సొంత లేబుల్ అంటించి పంపారు, దాని మీద వెనిలా కస్టర్డ్ అని తప్ప కంపెనీ పేరు లేదు, వీ1నో వీ2నో లేదు, బ్యాచ్ నంబర్ లేదు. మెయిల్ పెడితే "రెండూ సేమ్" అని జవాబు. రెండూ సేమ్ ఎలా అవుతాయండి, పీల్చే వస్తువు అమ్ముతూ ఆ మాట అనడానికి ధైర్యం ఉండాలి. డబ్బులు వెనక్కిచ్చారు, అది వేరే విషయం. కంపెనీ ఒరిజినల్ లేబుల్ ఉన్న బాటిలే కొనండి, ఒక పౌండు ఎక్కువైనా పర్లేదు.

మన వాళ్ళు చాలామంది అడిగే ఇంకో ప్రశ్న, ఇంట్లో పాయసంలోకి, ఐస్‌క్రీమ్‌లోకి వాడే యాలకుల ఎసెన్స్, పిస్తా ఎసెన్స్, రోజ్ ఎసెన్స్ వేసుకోవచ్చా అని. వద్దు, ఒక్క చుక్క కూడా వద్దు. వాటిలో నూనె ఉండొచ్చు, రంగు ఉండొచ్చు, చక్కెర ఉండొచ్చు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా లాంటి జబ్బు వస్తుంది. 2019లో అమెరికాలో వేప్ వల్ల జనం ఆస్పత్రుల పాలైన గొడవలో ముఖ్యంగా దొరికిన దోషి కూడా విటమిన్ ఈ ఎసిటేట్ అనే నూనె లాంటి పదార్థమే, గంజాయి కార్ట్రిడ్జుల్లో కలిపారు దాన్ని. యాలకులు కావాలంటే ఫ్లేవర్ఆర్ట్‌లో కార్డమమ్ ఉంది, అర శాతం లోపే వెయ్యండి, కస్టర్డ్‌తో కలిసి ఊరితే చాలా బాగుంటుంది, నా వరకు బిస్కెట్ కంటే అదే బాగా కుదిరింది.

మామిడి సంగతి కూడా చెప్పాలి, అందరూ దానికోసమే చూస్తారు కదా. కాపెల్లా స్వీట్ మ్యాంగో నాలుగైదు శాతం, రెండు రోజులు చాలు. రసం ఉంది, తీపి ఉంది, కానీ బంగినపల్లి కోసినప్పుడు తొడిమ దగ్గర వచ్చే ఆ వాసన ఇందులో వెతకొద్దు, ఇది సీసాలో దొరికే మామిడి డ్రింకు రుచి. ఎండాకాలానికి బాగుంటుంది, రోజంతా అంటే మొహం మొత్తుతుంది.

తీపి కోసం కాపెల్లా సూపర్ స్వీట్ అని సుక్రలోజ్ అమ్ముతారు. షాపు లిక్విడ్లలో ఉండే, పెదవులకి అంటుకునే ఆ తీపి చాలావాటిలో ఇదే. వేస్తే లిక్విడ్‌ని వేడి చేసే కాయిల్ కొద్ది రోజులకే నల్లగా గట్టిపడి మాడు వాసన కొడుతుంది, వెయ్యకపోతే అదే కాయిల్ ఎన్నో రోజులు ఎక్కువ వస్తుంది. నేను వెయ్యను. మొదటి వారం చప్పగా అనిపిస్తుంది, తర్వాత నాలుక దారిలోకొస్తుంది, అప్పుడు షాపు లిక్విడ్ పీలిస్తే పాకం తాగినట్టుంటుంది.

నికోటిన్ విషయంలో జాగ్రత్త, ఇది విషం, చర్మంలోంచి కూడా ఎక్కుతుంది. గ్లవ్స్ వేసుకోండి, వంటగది గట్టు మీద వంట సామాన్ల పక్కన కలపకండి, పిల్లలున్న ఇల్లయితే తాళం వేసే చోటే పెట్టండి, స్ట్రాబెర్రీ వాసన వస్తుంటే పిల్లలు ఊరుకోరు. డాలస్‌లో ఉన్న ఫ్రెండ్ ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాముల నికోటిన్ తెప్పించుకుంటాడు, అక్కడ దొరుకుతుంది, చవక కూడా, కానీ అందులోంచి 60 ఎంఎల్‌కి కావాల్సింది 1.8 ఎంఎల్ మాత్రమే, ఒక్క ఎంఎల్ ఎక్కువ పడితే లెక్క సగానికి పైగా పెరిగిపోతుంది. నాకైతే షాట్లే మేలు, సీలు తీసి మొత్తం పొయ్యడమే, లెక్క తప్పే ఛాన్స్ తక్కువ.

ఖర్చు చూస్తే ఫ్లేవర్ 10 ఎంఎల్ బాటిల్ మూడు నాలుగు పౌండ్లు, నికోటిన్ షాట్ పౌండు అటూ ఇటూ, వీజీ చవక. మొదట కొనే సామాన్లు పక్కన పెడితే 60 ఎంఎల్ షాపు ధరలో మూడో వంతుకే అయిపోతోంది. 2026 అక్టోబర్ 1 నుంచి వేప్ లిక్విడ్ మీద 10 ఎంఎల్‌కి 2 పౌండ్ల 20 పెన్నీల డ్యూటీ పెట్టారు, నికోటిన్ లేకపోయినా సరే, అంటే 60 ఎంఎల్ బాటిల్ మీద 13 పౌండ్ల 20 పెన్నీలు, దాని మీద మళ్ళీ వ్యాట్. ధరలు పోల్చుకునేటప్పుడు ఇది కూడా లెక్కలో పెట్టుకోండి.

ఫస్ట్ టైమ్ కొనేవాళ్ళు పది ఫ్లేవర్లు కొనకండి. తూకం మెషిన్, వీజీ, నికోటిన్ షాట్లు, కాపెల్లా కస్టర్డ్ వీ2, షిషా స్ట్రాబెర్రీ, స్వీట్ మ్యాంగో, ఇవి చాలు. మామిడి, కస్టర్డ్ రెండూ ఒకే రోజు కలపండి, కస్టర్డ్ బీరువాలో ఊరుతున్నన్ని రోజులూ మామిడితో గడుస్తుంది, చెయ్యి దాని మీదకి పోదు. కాఫీ ఫ్లేవర్లు మాత్రం మొదట్లో ముట్టుకోవద్దు, కొన్ని ఊరేకొద్దీ పాడు వాసన వేస్తాయి. ఇంకో చిన్న సంగతి, నిమ్మ, నారింజ, దాల్చినచెక్క ఫ్లేవర్లు ప్లాస్టిక్ ట్యాంకుని పగలగొడతాయి, అవి కలపాలనుకుంటే ముందు గాజు ట్యాంకు తీసుకోండి.