ఆరుగురిని వెంటేసుకుని ఇన్నేళ్లు: పాత ఐసోమెట్రిక్ ఆర్పీజీల మీద నా ఫిర్యాదు

బాల్డర్స్ గేట్ అనే కంప్యూటర్ ఆట మొదటి భాగాన్ని నేను ఐదుసార్లు మొదలుపెట్టి రెండుసార్లు మాత్రమే పూర్తిచేశాను. రెండో భాగం మూడుసార్లు పూర్తయింది. ఐస్‌విండ్ డేల్ సగంలో ఆగింది. తర్వాత వచ్చిన వాటిలో పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ, పాత్‌ఫైండర్ కింగ్‌మేకర్ రెండూ చాలాకాలం ఆడాను. కెమెరా ఏటవాలుగా పైనుంచి చూస్తుంటే, నాలుగైదుగురిని లేదా ఆరుగురిని ఒకేసారి నడిపిస్తూ, పాజ్ నొక్కి ఆజ్ఞలిచ్చి మళ్లీ వదిలే ఈ రకం రోల్‌ప్లేయింగ్ ఆటలంటే (ఐసోమెట్రిక్ ఆర్పీజీలంటే) నాకు ప్రాణం. అందుకే వాటిలో నన్ను ఏళ్ల తరబడి విసిగించినవి కూడా రాయాలనిపించింది.

ఓడిపోవడం మీద నాకు కోపం లేదు. ఎందుకు ఓడిపోయానో ఆట చెప్పకపోవడం మీదే నా కోపమంతా.

బాల్డర్స్ గేట్ మొదటి భాగాన్నే తీసుకుందాం. 1998లో వచ్చింది. కథ మొదలయ్యే క్యాండిల్‌కీప్ కోట దాటి బయటికి రాగానే, ఫ్రెండ్లీ ఆర్మ్ సత్రానికి వెళ్లి అక్కడ ఇద్దరిని కలవమని కథే చెబుతుంది. ఆ మాట నమ్మి వెళ్తే సత్రం మెట్ల దగ్గర టార్నెష్ అనే మంత్రగాడు కాచుకుని ఉంటాడు. ముందు తన నకళ్లను సృష్టించుకుంటాడు, తర్వాత మనవాళ్లు భయంతో చెల్లాచెదురుగా పారిపోయే స్పెల్ (మంత్రం) వేస్తాడు, ఆపైన మ్యాజిక్ మిస్సైల్ అనే దెబ్బకొట్టే మంత్రం. నేను మేజ్‌తో, అంటే మంత్రగాడి పాత్రతో మొదలుపెట్టాను. మొదటి లెవెల్‌లో మేజ్‌కి హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం, నాలుగో, ఆరో ఉంటాయి. ఒక్క దెబ్బకే పోయాడు. ఈ ఆటలో మనం సృష్టించిన ముఖ్య క్యారెక్టర్ చనిపోతే, మిగతా అయిదుగురు బతికున్నా ఆట అక్కడితో ముగిసిపోతుంది. లోడ్ చేశాను, మళ్లీ పోయాడు. అలా తొమ్మిదిసార్లు. పదోసారి అక్కడి కాపలావాళ్ల వైపు పరిగెత్తితే వాళ్లు కలగజేసుకున్నారు, బతికాను. అది నా తెలివి కాదు, భయంతో దొరికిన దారి. ఆ చుట్టుపక్కల ఎవరైనా ఒక్క మాటగా చెప్పి ఉంటే, నేను ఆలోచించి గెలిచేవాడిని.

లెక్కల సంగతి ఇంకా ఉంది. అప్పటి ఆటలు ఏడీ అండ్ డీ (అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, బల్ల చుట్టూ కూర్చుని ఆడే పాచికల ఆట) రెండో ఎడిషన్ నియమాల మీద నడుస్తాయి. బలం, చురుకుదనం లాంటి గుణాలకు అంకె ఎక్కువైతే మంచిది. దెబ్బ తగలకుండా కాపాడే రక్షణను చెప్పే ఆర్మర్ క్లాస్‌కి మాత్రం తక్కువైతే మంచిది. థాకో అనే మరో అంకె కూడా అంతే, తగ్గేకొద్దీ మనం బాగా కొట్టగలుగుతాం. నా థాకో 15, శత్రువు ఆర్మర్ క్లాస్ 3 అయితే, ఇరవై ముఖాల పాచిక మీద 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి. ఇంతే విషయం, చిన్న తీసివేత. కానీ ఈ ముక్క నాకు అర్థమయ్యేసరికి ఆట సగం అయిపోయింది. మాన్యువల్‌లో ఉంది, నిజమే. నాకు కావలసింది మాత్రం కత్తి కొనే చోట, ‘ఇది నీ పాతదానికంటే మెరుగు’ అని తెలిసేలా కనిపించడం. మంచి కవచం అనుకుని పెద్ద అంకె ఉన్నదే కొని, అదే తొడుక్కుని ఎన్ని యుద్ధాలు చేశానో.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కాలం వేధించింది రెండో భాగంలో మంత్రగాళ్లతో పోరాటాలు. పెద్ద లెవెల్ మేజ్ ఎదురైతే మొదట తన చుట్టూ రక్షణలు పొరలుపొరలుగా వేసుకుంటాడు. నా ఫైటర్ దగ్గర అప్పటిదాకా కష్టపడి సంపాదించిన మంత్రశక్తి కత్తి ఉంది. కొడుతుంటే తెర కింద ఒకటే వాక్యం వస్తోంది, ఆయుధం పనిచేయడం లేదని. సరే, కత్తి బలం చాలలేదేమో అనుకుని ఇంకా మంచి కత్తి కోసం వెనక్కి వెళ్లి వెతికాను. అదే తప్పు. మంత్రశక్తి ఉన్న ఆయుధాలను మాత్రమే అడ్డుకునే రక్షణ అది. మామూలు కత్తికి ఆగదు. పైగా అది నాలుగు రౌండ్లే, రౌండుకి ఆరు సెకన్ల చొప్పున 24 సెకన్లు. వెనక్కి తగ్గి కాసేపు ఆగినా చాలు, అదే పోతుంది. రెండోసారి ఆడుతూ, ఆ స్పెల్ నా మేజ్‌కే దొరికినప్పుడు దాని వివరణ చదివితే గానీ ఇది తెలియలేదు. తెలిశాక ఎంత ఆనందించానో చెప్పలేను! ఆ పోరాటాలు నిజంగా చదరంగంలా ఉంటాయి, ఏ పొరను దేనితో ఒలవాలో ఆలోచించే కొద్దీ రుచి పెరుగుతుంది. అంత మంచి ఆలోచనను అంత లోపల దాచేశారే అన్నదే నా బాధ. ఆయుధం పనిచేయడం లేదన్న ఆ వాక్యం పక్కనే ఏ స్పెల్ అడ్డుకుందో పేరు వేసినా సరిపోయేది.

ఇది పాతకాలం జబ్బు మాత్రమే అనుకోవడానికి లేదు. 2018లో కింగ్‌మేకర్ వచ్చినప్పుడు ఆడాను. మొదటి లెవెళ్లలోనే ఒక గుహలో సాలెపురుగుల గుంపులు మీద పడ్డాయి. కత్తులు, బాణాలు వాటికి తగలవు. నిప్పు సీసాలు విసరాలి. నా దగ్గర ఒక్కటీ లేదు. మా ఫైటర్ నిమిషాల తరబడి గాలిలో కత్తి తిప్పుతూనే ప్రాణం విడిచింది. దాదాపు ఇరవై ఏళ్ల తేడా ఉన్న రెండు ఆటల్లో ఒకే రకంగా చచ్చిపోవడం చూసి ఆ రాత్రి కంప్యూటర్ ఆపేశాను.

ఇక నడక. ఆరుగురిని ఒక సన్నని సందులోకి పంపడం ఎంత టెన్షనో ఆడినవాళ్లకే తెలుసు. మొదటి భాగంలో ఫైర్‌వైన్ శిథిలాల కింద సొరంగాలు ఉన్నాయి. ఒకరి వెనక ఒకరు తప్ప పట్టనంత ఇరుకు. ముందున్నవాడు ఆగితే వెనకవాడు దారి మూసుకుపోయిందనుకుని వెనక్కి తిరిగి సొరంగమంతా చుట్టి రావడానికి బయలుదేరతాడు. అటువైపు ట్రాప్‌లు ఉంటాయి, బాణాలు వేసే కోబోల్డ్‌లు అనే చిన్న రాక్షసులు ఉంటాయి. థీఫ్‌ని (దొంగ పాత్రని) ముందు పెట్టి ట్రాప్‌లు వెతికిస్తుంటే, క్లెరిక్ (పూజారి పాత్ర) తనంతట తాను వేరే దారిన పోయి ఒంటరిగా చచ్చేది. చివరికి ఒక్కొక్కరిని రెండడుగుల చొప్పున క్లిక్ చేసి దాటించాను. పోరాటంలో వ్యూహం నాది అయినప్పుడు ఓటమి కూడా నాదే అని ఒప్పుకుంటాను. అడుగులు వేయడం చేతకాక పోయిన ప్రాణాలు నా ఖాతాలో రాయడం న్యాయం కాదు.

ఇన్వెంటరీ (మోసుకెళ్లే సామాను) సర్దడం, పడుకుని స్పెల్స్ మళ్లీ నింపుకోవడం, మధ్యలో రాక్షసులు నిద్ర లేపడం గురించి ఎక్కువ చెప్పను, అలవాటైపోతాయి.

కథ విషయంలో ఒకటి చెప్పాలి. రెండో భాగంలో చెల్లెలిలా తోడొచ్చిన ఇమోయెన్‌ని ఎత్తుకుపోతారు. ఆమెను చేరుకోవాలంటే 20,000 బంగారు నాణేలు కావాలంటారు. ఆ డబ్బు కోసం నగరంలో తిరుగుతుంటే ప్రతి మూలా ఒక క్వెస్ట్, అంటే ఎవరో అప్పగించే పని. ఒక్కోటీ అద్భుతంగా ఉంటుంది. కానీ వాటిని తీరిగ్గా ఆస్వాదిస్తుంటే, అక్కడ పిల్ల బందీగా ఉంది కదా అని మనసు పీకుతుంది. తొందరపడి వెళ్లిపోతే ఆటలో సగం అందం వెనకే ఉండిపోతుంది. మొదటిసారి నేను తొందరపడ్డాను. ఇప్పటికీ విచారిస్తున్నాను.

పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీలో వేరే చిక్కు. 2012లో కిక్‌స్టార్టర్ ద్వారా జనం ఇచ్చిన డబ్బుతో మొదలై 2015లో విడుదలైన ఆట అది. డబ్బిచ్చినవాళ్లలో కొందరు రాసిన పాత్రలు బంగారు రంగు పేర్లతో ఊళ్లన్నిటా నిలబడి ఉంటాయి. వాళ్ల గతజన్మల కథలు చదవొచ్చు. అసలు కథతో వాటికి సంబంధం ఉండదని తెలియక పాతికదాకా శ్రద్ధగా చదివాను, పేర్లు గుర్తుపెట్టుకోవడానికి ప్రయత్నించాను. దాంతో నిజంగా వినాల్సిన మాటల దగ్గరికి వచ్చేసరికి అలసిపోయాను. డబ్బిచ్చినవాళ్లకు గౌరవం దక్కాల్సిందే. ఆ పేర్లు వేరే అని ముందే చెప్పి ఉంటే బాగుండేది.

అయినా ఎందుకు వదల్లేదంటే, ఆ చిత్రించిన నేపథ్యాలు. వాన పడుతున్న అడవి దారి, మంచు కప్పిన ఊరు, ఒక్కో తెరా ఆగి చూడాలనిపిస్తుంది. ఆరుగురి పోట్లాటలు, అలకలు. వారం రోజులు కుదరని యుద్ధం ఒక రాత్రి సరైన క్రమంలో స్పెల్స్ పడి, ఒక్కరూ చావకుండా ముగిసినప్పుడు కలిగే సంతోషం నాకు ఇంకే రకం ఆటలోనూ దొరకలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 2012లో వచ్చిన బాల్డర్స్ గేట్ ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ తీసుకోండి, తెర, జర్నల్ నయం. మొదటిసారి మేజ్ వద్దు, ఫైటర్‌తో వెళ్లండి. ఆప్షన్స్‌లో ఆటోపాజ్ తెరిచి, శత్రువు కనిపించినప్పుడు, ఆయుధం పనిచేయనప్పుడు ఆగేలా పెట్టుకోండి. దొరికిన ప్రతి స్పెల్ వివరణ, మీరు వాడబోనిది అయినా సరే, పూర్తిగా చదవండి, రేపు అదే మీ మీద పడుతుంది. ఒక మామూలు కత్తి మాత్రం చివరిదాకా అమ్మేయకుండా ఉంచుకోండి.